ఆవాస సంరక్షణ బృందంలో ముందు ఎవరిని తీసుకోవాలి? ఎవరి పని ఏమిటి?

కొత్తదారి:

నమస్కారమండి. ఒక చిన్న ఆవాస సంరక్షణ బృందానికి, అంటే మొక్కలూ జీవులూ సహజంగా బతికే నేలను కాపాడే బృందానికి, మనుషుల్ని ఎంచుకోవాల్సి ఉంది. చూసుకోవాల్సిన నేల 30 ఎకరాలు. సగానికి పైగా గడ్డి నేల, ఒక అంచున చెట్లూ పొదలూ, పల్లంలో ఒక కుంట. పొదల వైపు లాంటానా అనే ముళ్ల కలుపు పొద అల్లుకుపోయింది. కుంట గట్టు మీద సర్కారు తుమ్మ, నీళ్ల మీద అక్కడక్కడా గుర్రపు డెక్క. ఉన్న నిధితో నలుగురికి రెండేళ్లు జీతాలివ్వొచ్చు. వారానికి ఒక పూట 20 నుంచి 25 మంది వాలంటీర్లు వస్తామంటున్నారు.

"ముందు ఒక డైరెక్టరును, ఒక జీవశాస్త్రవేత్తను పెట్టుకోండి, నేల మీద పని వాలంటీర్లు చూసుకుంటారు" అని సలహా వచ్చింది. ఇది కుదిరే పనేనా? నలుగురిలో మొదటివారు ఎవరై ఉండాలి, ఒక్కొక్కరి చేతిలో అసలు ఏ పని ఉంటుంది, వాలంటీర్లకు ఏది ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

మట్టిచేతులు:

కొత్తదారి గారూ, మొదట ఫీల్డ్ సూపర్‌వైజరును తీసుకోండి. డైరెక్టరు ఆరు నెలలు ఆలస్యంగా వచ్చినా నేలకు నష్టం లేదు. ఆ 30 ఎకరాల్లో ఏడాది పొడుగునా నడిచే మనిషి, ఏ మూల ఏం మొలుస్తోందో కాగితం చూడకుండా చెప్పగల మనిషి లేకపోతే మాత్రం మిగతావాళ్లు ఎంతమంది ఉన్నా చేసిన పని నిలవదు.

ఎందుకో లాంటానానే చూడండి. నేల మట్టానికి నరికితే మోడు నుంచి గుంపుగా పిలకలు వస్తాయి. నిప్పు పెడితే తర్వాతి వానకి ఇంకా ఒత్తుగా లేస్తుంది. కాండం, వేరు కలిసే చోట ఒక లావుపాటి ముడి ఉంటుంది, చిగుళ్లన్నీ దాని నుంచే. కాబట్టి పొద చుట్టూ మట్టి తప్పించి, ఆ ముడికి రెండు మూడు అంగుళాల కింద తల్లివేరును నరికి, పొదను మొత్తంగా పైకి లాగి, వేళ్లు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా పడేయాలి. ముడి మట్టికి తగలకుండా ఎండిపోవాలి, అదే ఇందులో కిటుకు. ఇద్దరు కలిసి చేసే పని ఇది: ఒకరు పంగల కర్రతో కొమ్మల్ని ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు పికాసుతో వేరు కొడతారు. కాయ నల్లబడక ముందే చేయాలి. నల్లబడి ఉంటే ముందు టార్పాలిన్ పరిచి కాయలు దులిపి పట్టుకోవాలి.

ఇదంతా మొదటి రోజు పని. అసలు పని వాన పడ్డాక మొదలవుతుంది. పిట్టలు కాయలు తిని కొమ్మల మీద కూర్చుని రెట్ట వేస్తాయి కనుక కొత్త మొలకలు మిగిలిన చెట్ల నీడలోనూ, నీళ్లు పారిన సన్న కాలవల వెంబడీ గుత్తులుగా లేస్తాయి. మొదటి వానలు పడ్డ నాలుగు నుంచి ఆరు వారాలకి, మట్టి ఇంకా తడిగా ఉండగానే, జానెడు ఎత్తులో ఉన్నప్పుడు లాగేస్తే వేరుతో సహా వస్తాయి. నెల ఆలస్యమైతే పికాసు కావాలి. ఇలా తిరిగొచ్చి మొలకలు పీకే చుట్లు మొదటి ఏడాది మూడు, రెండో ఏడాది రెండు, మూడో ఏడాది కనీసం ఒకటి వేసుకోండి. అంటే ఈ ఏడాది 4 ఎకరాలు తీస్తే, వచ్చే ఏడాది కొత్త ఎకరం ముట్టుకునే ముందే ఈ నాలుగింటికి పట్టే రోజులు క్యాలెండర్లో పక్కన పెట్టాలి. చాలా బృందాలు ఇక్కడే జారిపోతాయి. మొదటి ఏడాది ఉత్సాహంగా 10 ఎకరాలు తీసేస్తారు, రెండో ఏడాది తిరిగి చూడడానికి చేతులు చాలవు, మూడో ఏడాదికి అక్కడ మునుపటికన్నా దట్టమైన లాంటానా ఉంటుంది.

ఎటు నుంచి మొదలుపెట్టాలన్నది కూడా సూపర్‌వైజరు తేల్చాల్సిందే. సిడ్నీలో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు 1960లలో చేతి పనిముట్లతో పని చేసి చూపిన పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది: బాగున్న చోటి నుంచి చెడిన చోటి వైపు కదలాలి, మట్టిని వీలైనంత తక్కువ కదపాలి, స్థానిక మొక్కలు తిరిగి మొలిచే వేగాన్ని మించి ముందుకు పోకూడదు. చూసేవాళ్లకు మాత్రం దట్టమైన పొద మీద పడితేనే పని చేసినట్టు కనిపిస్తుంది. ఆ ఒత్తిడికి లొంగని మనిషి కావాలి.

గట్టు మీది సర్కారు తుమ్మ సంగతి వేరు. మామూలు నేలలో అయితే సుమారు ఒక అడుగు లోతున వేరు నరికి మొదలును తీసేస్తారు. గట్టు మీద ఆ పని చేస్తే వేరు పోయిన సందుల్లోంచి నీరు ఊరి గట్టు తెగుతుంది. అక్కడ మొదలంటా కోసి, నాలుగైదు వారాలకోసారి పిలకల్ని బెత్తెడు ఉన్నప్పుడే గీరేస్తూ పోవాలి, వేరులో దాచుకున్న బలం తీరేదాకా. ఒక్క రెండు నెలలు మరిచిపోతే మళ్లీ మొదటికి వస్తుంది. గుర్రపు డెక్కకూ ఇదే ఓపిక కావాలి. వెచ్చని, ఎరువు నీళ్లు చేరే కుంటలో రెండు వారాల్లో రెట్టింపు కాగలదు, విత్తనం బురదలో 15–20 ఏళ్లు బతికి ఉంటుంది. కాబట్టి "తీసేశాం" అన్నాక కూడా పదిహేను రోజులకోసారి గట్టు చుట్టూ తిరిగి, రెల్లు మొదళ్లలో దాక్కున్న చిన్న మొక్కల్ని ఏరాలి.

ఇంకొక్కటి. గడ్డి నేలలో బ్రష్ కట్టర్ (మోటారుతో గడ్డి, పొదలు కోసే యంత్రం) పెట్టే ముందు ఆ పట్టీ అంతా కాలినడకన చూడాలి. తీతువు గూడంటూ కట్టదు. నేల మీద చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, అందులో మామూలుగా నాలుగు గుడ్లు, మట్టి రంగు మీద నల్లటి మచ్చలు, సన్నటి కొనలన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. అడుగు దూరం నుంచి కూడా మట్టిపెళ్లలే అనిపిస్తాయి. పిట్ట తల మీద అరుస్తూ తిరుగుతుంటే అక్కడే ఆగిపోవాలి. గుర్తు కర్ర గుడ్ల పక్కనే పాతితే కాకులకీ మనుషులకీ దారి చూపినట్టే. 5 మీటర్లు ఎడంగా పాతి, చుట్టూ 10 మీటర్లు వదిలేసి, పిల్లలు లేచి వెళ్లాక ఆ ముక్క కోయాలి. ఈ పని ఎవరి బాధ్యత అని కాగితం మీద రాసి ఉండాలి, లేకపోతే ఎవరూ చేయరు.

నా లెక్క: ఒక సూపర్‌వైజరు, ఇద్దరు ఫీల్డ్ పనివాళ్లు పూర్తికాలం. నాలుగో జీతాన్ని రెండు సగాలు చేయండి, సగం వాలంటీర్ల కో-ఆర్డినేటర్, సగం లెక్కలు.

తూనీగ_22:

మట్టిచేతులు గారు చెప్పింది నిజం. జీవశాస్త్రవేత్తను పూర్తికాలం పెట్టుకునే స్థితి మీకు లేదు, ఏడాదికి 30–40 రోజులకు ఒప్పందం చాలు. అయితే ఆ రోజుల్లో కొన్ని తప్పనిసరిగా మొదటి పికాసు దెబ్బ పడకముందే ఉండాలి. ముందు ఏముందో రాసుకోకపోతే తర్వాత ఏం మారిందో ఎవరూ చెప్పలేరు. పోయిన ఆరంభం మళ్లీ రాదు.

ఆ మనిషి చేయాల్సినవి ఇవి. ఎనిమిది పది ఫొటో చోట్లు ఎంచి ఒక్కోచోట ఇనుప చువ్వ పాతాలి, మీద నెంబరు చెక్కిన రేకు. కెమెరా ఎత్తు 1.5 మీటర్లు, దిక్సూచి డిగ్రీలు రాసిపెట్టాలి, 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్ల పట్టీలు రంగులు వేసిన మీటరు కర్ర నిలబెట్టాలి, పొద ఎత్తు ఫొటోలోనే తెలిసిపోతుంది. వెళ్లేటప్పుడు పోయినేడాది ఫొటో ప్రింటు చేతిలో ఉండాలి. లేకపోతే ప్రతి మనిషీ తనకు అందంగా తోచిన వైపు తిప్పి తీస్తాడు. ఫోను జీపీఎస్ బయలు నేలలో కూడా ఐదు మీటర్ల దాకా తప్పు చూపుతుంది, ఒత్తు గడ్డిలో ఆ తేడాతో చువ్వ దొరకదు. కదలని బండ నుంచో పెద్ద చెట్టు నుంచో టేపుతో కొలిచి, దూరం, దిక్కు రాసుకోవాలి.

గడ్డి నేలకు పీవీసీ గొట్టాలతో 1 మీటరు × 1 మీటరు చట్రం చేయించండి. దాన్ని గడ్డి నేలలో 20–30 చోట్ల, పొదల అంచున అన్నే చోట్ల పెట్టి చూడాలి. ఏ జాతి ఎంత శాతం నేల కప్పిందో కంటితో అంచనా కట్టాలి కాబట్టి కళ్లకు కొలత అలవాటు చేయాలి: 10 × 10 సెంటీమీటర్ల అట్టముక్క ఆ చట్రంలో సరిగ్గా 1 శాతం. మొదటి రోజు ఇద్దరూ ఒకరిది ఒకరు చూడకుండా రాసి పోల్చుకుంటే ఎవరు ఎంత ఎక్కువ వేసి రాస్తున్నారో తేలిపోతుంది. గడ్డి పూత మీద ఉన్నప్పుడే చేయాలి, పూత లేకుండా గడ్డి జాతుల్ని గుర్తుపట్టడం నిపుణులకే కష్టం. చెట్ల అంచున గుండ్రటి ప్లాట్లు తేలిక: మధ్యలో కర్ర పాతి 5.64 మీటర్ల టేపు తిప్పితే 100 చదరపు మీటర్లు, 12.62 మీటర్లు అయితే 500. నైలాన్ తాడు వాడొద్దు, సాగుతుంది. వాలు నేలలో టేపును మట్టంగా పట్టుకోవాలి.

నమోదులో ఎక్కువగా జరిగే తప్పు రెండు రకాలు. ఒకటి, సున్నా రాయాల్సిన చోట ఖాళీ వదిలేయడం. "వెతికాం, లేదు" అంటే 0. "అసలు వెతకలేదు" అంటే ఖాళీ. ఈ రెండూ కలిసిపోతే మూడేళ్ల శ్రమ లెక్కకు పనికిరాదు. రెండోది, బతికిన మొక్కల శాతం. 200 నాటారు, 80 చచ్చాయి, వాటి స్థానంలో 80 కొత్తవి నాటారు, చివర్న చూస్తే 180 ఉన్నాయి. నివేదికలో 90 శాతం అని రాస్తారు. నాటింది 280, బతికింది 180, అంటే 64 శాతం. ప్రతి మొక్కకూ నాటిన ఏడాది తెలిపే గుర్తు ఉంటే ఈ తప్పు జరగదు. ఇది మోసంతో జరిగేది కాదు, నాటినవాళ్లు వేరు, లెక్కపెట్టినవాళ్లు వేరు కావడంతో జరిగేది.

కుంట గురించి: గుర్రపు డెక్కను ఎప్పుడైనా తీయొచ్చు, కానీ స్థానిక నీటి మొక్కలూ పూడికా ఒకేసారి మొత్తం శుభ్రం చేయొద్దు. ఏడాదికి మూడో వంతు, అదీ కప్పలు గుడ్లు పెట్టే కాలం దాటాక. తీసిన మొక్కల్ని ఒకరోజు నీటి అంచునే ఉంచితే తూనీగ పిల్లలు, నత్తలు, చేపపిల్లలు తిరిగి నీళ్లలోకి పాకుతాయి. తర్వాత మాత్రం దూరంగా మోసేయాలి, అక్కడే కుళ్లితే ఆ ఎరువంతా తిరిగి కుంటలోకే పోతుంది. ఇంకో కుంట నుంచి వచ్చిన బూట్లూ వలలూ దులిపి, కడిగి, పూర్తిగా ఎండాకే దింపాలి. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ బూజు తడి సామాను మీద ప్రయాణం చేస్తుంది.

అరుదైన జీవి గూడు కనబడితే దాని చోటు బయటపెట్టే అధికారం ఒక్కరి చేతిలోనే ఉంచండి. ఐనాచురలిస్ట్‌లో (జనం తాము చూసిన జీవుల్ని నమోదు చేసే సైటు) ముప్పులో ఉన్న జాతుల చోటును అదే 0.2 డిగ్రీల, అంటే సుమారు 20 కిలోమీటర్ల, గడిలో మరుగుపరుస్తుంది, పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ కూడా సున్నితమైన జాతుల చోటు దాచిపెడుతుంది. కానీ వాలంటీరు గ్రూపులో పెట్టిన ఫొటో వెనక కనిపించే గుడి గోపురమో టవరో ఆ చోటును పట్టిచ్చేస్తుంది. ట్రాప్ కెమెరాలు (ఎదుట ఏదైనా కదిలితే వాటంతటవే ఫొటో తీసేవి) పెడితే వాటిలో పడిన మనుషుల ఫొటోలను ఎవరు, ఎన్ని రోజుల్లో చెరిపేయాలో కూడా ముందే రాసుకోవాలి. ఆ దారిన కట్టెలకో బహిర్భూమికో వెళ్లే ఆడవాళ్లుంటారు.

రావికొమ్మ:

వాలంటీర్ల మాట చెబుతాను. మట్టిచేతులు గారి లెక్కలో ఒక్క చోట నాకు అభ్యంతరం ఉంది. వారానికి 25 మంది వస్తారంటే సగం జీతపు కో-ఆర్డినేటర్ చాలరు. మూడు గంటల పూటకి కనీసం నాలుగైదు గంటల తయారీ ఉంటుంది. ముందురోజు ఆ ముక్క నడిచి హద్దు తాడు కట్టాలి, కాపాడాల్సిన స్థానిక మొక్కలకు రిబ్బను కట్టాలి, పనిముట్లు చూసుకోవాలి. పూట అయ్యాక పనిముట్ల లెక్క, హాజరు, రాని వాళ్లకు ఫోన్లు. అది చేసే మనిషి లేకపోతే మూడో నెలకు 25 మంది కాస్తా ఆరుగురవుతారు.

రిబ్బను ఒకే రంగు, ఒకే అర్థం: "ముట్టుకోవద్దు". తీయాల్సిన వాటికి ఇంకో రంగు కట్టడం మొదలుపెడితే ఎవరో ఒకరు తారుమారు చేస్తారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు ప్రతి పెద్ద గుంపులోనూ ఉంటారు, అందుకని నీలమో తెలుపో వాడండి.

మొదటి పది నిమిషాలు మొక్కను చూపించడానికే. లాంటానా మూడు వయసుల్లో, అంటే రెండాకుల మొలక, మోకాలెత్తు మొక్క, పూర్తి పొద, పీకి తెచ్చి చేతికివ్వాలి. కాండం నలుపలకలుగా ఉంటుంది, దాని మీద సన్న ముళ్లు, ఎదురెదురుగా గరుకాకులు. ఆకు నలిపి వాసన చూడమనాలి, ఒకసారి ముక్కుకు పట్టిందంటే తర్వాత పొరపాటు తగ్గుతుంది. పక్కనే అలాంటి ఆకుతో ఉండే స్థానిక మొక్కలు రెండు పెట్టి తేడా వాళ్ల చేతే చెప్పించాలి. ఫొటోలు చూపిస్తే సరిపోదు.

ఎనిమిది మందికి ఒక నాయకుడు. పికాసులు, రంపాలు చేతిలో ఉంటే ఐదుగురికి ఒకరు. పికాసు ఊపేవాళ్ల మధ్య మూడు మీటర్లు. పనిముట్ల పిడులకు మెరిసే టేపు చుట్టండి, గడ్డిలో పడిన కొడవలి దొరకాలంటే అదే మార్గం. ఇచ్చినన్ని తిరిగి వచ్చాయని లెక్క తేలకుండా ఎవరినీ పంపొద్దు. ఎండలో పావుగంట ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు, దాహం వేసినా వేయకపోయినా. ముప్పావు గంటకో విరామం. రెండున్నర గంటలు దాటితే చేతులు అలసి దెబ్బలు తగులుతాయి, స్థానిక మొక్కలు తెగుతాయి.

వాలంటీర్లకు ఇవ్వకూడనివి: బ్రష్ కట్టర్, చైన్ సా, కలుపు మందులు, మోకాలు దాటిన నీళ్లలో పని. ఇంకా ముఖ్యంగా, ఏది ఉంచాలి ఏది తీయాలి అన్న నిర్ణయం. బ్రష్ కట్టర్ నడిచేటప్పుడు చుట్టూ 15 మీటర్లలో మనిషి ఉండకూడదు, అంటే వాలంటీర్లున్న పూట దాన్ని బయటికే తీయకపోవడం మంచిది. ఇవ్వదగ్గవి: మొలకలు పీకడం, విత్తనాలు శుభ్రం చేయడం, సంచుల్లో మట్టి నింపడం, ఫొటో చోట్ల చుట్టు, చట్రం పక్కన కూర్చుని రాసుకోవడం.

పాము కాటు విషయం అందరికీ ముందే చెప్పి ఉండాలి: కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లి నేరుగా ఆసుపత్రికి. ఏ గేటు దగ్గరికి అంబులెన్సు రాగలదు, ఎక్కడ సిగ్నలు దొరుకుతుంది అన్నవి మ్యాపు మీద గుర్తుపెట్టి నాయకులందరికీ ఇవ్వండి.

మనుషులు నిలవాలంటే చోట్లు మార్చకండి. ఒక గుంపుకి ఒక ముక్క ఇచ్చేసి ఏడాదంతా వాళ్లకే ఉంచండి. తాము పీకిన చోట గడ్డి తిరిగి పరుచుకోవడం కళ్లారా చూసినవాళ్లు మానరు. ఏడెనిమిది పూటలు క్రమంగా వచ్చిన వాళ్లలోంచే నాయకులు తయారవుతారు.

లెక్కలపుస్తకం:

లెక్కలు చూసే మనిషిని సగం జీతానికి పెట్టుకోవడం గురించి రెండు మాటలు.

మీ నిధి రెండేళ్లు. లాంటానా చుట్లు మూడేళ్లు. ఈ తేడాను ఇప్పుడే మీ పాలకవర్గం ముందు పెట్టండి. దాతకు పంపే ప్రతిపాదనలో "4 ఎకరాలు తొలగింపు" అని ఒక్క వరుస రాస్తే మూడో ఏడాది చుట్లకు ఎవరూ ఇవ్వరు. "4 ఎకరాలు తొలగింపు, ఆ నాలుగింటికే మూడేళ్ల చుట్లు" అని పని దినాలతో సహా ఒకే పద్దుగా రాయాలి. కొత్త ఎకరాలకు దాతలు దొరకడం తేలిక, పాత ఎకరాలను నిలబెట్టడానికి దొరకడం కష్టం. అందుకే ఒక పనికి కట్టుబడి వచ్చిన డబ్బును, స్వేచ్ఛగా వాడుకోగల విరాళాలను వేర్వేరు పద్దుల్లో ఉంచి, రెండోదాన్ని పాత ఎకరాల కోసం దాచాలి. నెలాఖరున కట్టుబడి ఉన్న డబ్బులోంచి "చేబదులు" తీసి జీతాలిస్తే అది తిరిగి పూడడం అరుదు.

కొనేవారు, మంజూరు చేసేవారు, పుస్తకంలో రాసేవారు ఒకరే కాకూడదు. ఐదుగురున్న చోట కూడా ఇది కుదురుతుంది: సూపర్‌వైజరు కొంటారు, కోశాధికారి మంజూరు చేస్తారు, లెక్కల మనిషి రాస్తారు. చెక్కు మీద రెండు సంతకాలు. పాలకవర్గంలో ఒకరి బంధువు నర్సరీ నుంచి మొక్కలు కొంటుంటే ఆ సభ్యుడు ఆ తీర్మానం జరిగేటప్పుడు గదిలో ఉండకూడదు, ఉండలేదని మినిట్స్‌లో రాయాలి.

నేల ఎవరిదో వాళ్ల నుంచి రాతపూర్వక అనుమతి ఎన్నేళ్లకు ఉందో చూసుకోండి. అది మీ చుట్ల కాలం కన్నా తక్కువైతే పని మొదలుపెట్టొద్దు. బీమా పత్రంలో "ఉద్యోగులు" అని మాత్రమే ఉంటే వాలంటీర్లకు వర్తించదు, ఆ మాట విడిగా రాయించుకోవాలి. మోటారు పనిముట్ల సంగతీ అంతే.

కొత్తదారి:

అందరికీ కృతజ్ఞతలండి, ఇంత వివరం ఎదురుచూడలేదు. డైరెక్టరు ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాం. ఇంకా రెండు సందేహాలు. సొంత నర్సరీ పెట్టి దానికొక మనిషిని తీసుకోవాలా? గడ్డి నేలలోకి చుట్టుపక్కల గొర్రెలు, పశువులు వస్తాయి, వాటిని పూర్తిగా ఆపేయాలని మా వాళ్లు కొందరు పట్టుబడుతున్నారు, ఇది ఎవరి పని అవుతుంది?

మట్టిచేతులు:

మొదటి ఏడాది నర్సరీ వద్దు. మీ నేలలో సగానికి పైగా గడ్డి, అక్కడ చెట్లు నాటితే ఉన్న ఆవాసాన్ని మీ చేత్తో మీరే చెరిపేసినట్టు. పొదల అంచున కూడా లాంటానా తీశాక ఒక వానాకాలం ఆగి చూడండి, మట్టిలో ఉన్న స్థానిక విత్తనం ఎంత లేస్తుందో తెలిశాకే లోటు పూడ్చాలి.

విత్తనం సేకరణ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ఒక మొక్క మీద ఆ రోజు పండిన దాంట్లో ఐదో వంతు మించి తీయకూడదు. ఒకే చెట్టు కింద బస్తా నింపకుండా, ఒకదానికొకటి దూరంగా ఉన్న వీలైనన్ని తల్లిచెట్ల నుంచి కొంచెం కొంచెం తేవాలి. చీటీ మీద జాతి, చోటు, తేదీ, ఎన్ని చెట్లు అన్నవి ఉండాలి, ఒక చీటీ సంచి లోపల, ఒకటి బయట. నేరేడు లాంటి విత్తనాలు ఆరితే చచ్చిపోతాయి, కడిగి వెంటనే నాటాలి. నల్ల తుమ్మ లాంటి గట్టి విత్తనాలను ఎండబెట్టి దాచుకోవచ్చు. ఈ తేడా తెలియక అన్నింటినీ ఒకేలా ఎండబెట్టేస్తారు.

తర్వాతెప్పుడైనా మొక్కలు కొని నాటితే, నాటడానికి నెల ముందు నుంచి నీళ్లు తగ్గించి ఎండకు అలవాటు చేసిన మొక్కలే తీసుకోండి. సంచి అడుగున చుట్టలు తిరిగిన వేళ్లుంటే అడుగు భాగం ఒక అంగుళం కోసేయండి, లేకపోతే మూడో ఏట ఆ వేరే మొక్క మెడ బిగిస్తుంది. సాయంత్రం ఖాళీ ప్లాస్టిక్ సంచుల్ని లెక్కపెట్టండి. నాటిన మొక్కల సంఖ్యకు అంతకన్నా నికరమైన రుజువు లేదు, సంచి విప్పకుండా గుంటలో పెట్టేసిన మొక్కలూ అప్పుడే బయటపడతాయి.

పచ్చికబాట:

మేత గురించి. పూర్తిగా ఆపేయాలనే వాళ్లకు భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ పార్కు సంగతి చెప్పండి. 1982లో అక్కడ పశువుల మేతను నిషేధించారు. ఆ తర్వాత గేదెలు తినే పాస్‌పాలమ్ గడ్డి నీళ్ల మీద దట్టంగా పరుచుకుని, నీటి పక్షులకు చోటు తగ్గిపోయింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ అధ్యయనంలో ఇది బయటపడింది. అంతకాలం మందలు చేస్తున్న పని ఏమిటో ఆపేశాకే కనిపించింది. గడ్డి నేలలోనూ అంతే. మేత పూర్తిగా పోతే ఎండుగడ్డి పేరుకుని కింద వెలుగు అందదు, పొదలు చొరబడతాయి, నిప్పు భయం పెరుగుతుంది. అతిగా మేస్తే మంచి గడ్డి జాతులు పోయి పశువులు ముట్టనివి మిగులుతాయి. ఇంకో సంగతి, సర్కారు తుమ్మ కాయలు తిన్న పశువు పేడలో విత్తనాలు చెక్కుచెదరకుండా వస్తాయి. కాయ పండే నెలల్లో గట్టు వైపు నుంచి మంద నేరుగా గడ్డి నేలలోకి రాకుండా దారి మళ్లించుకోవాలి.

పద్ధతి చెప్పాలంటే, గడ్డి నేలను మూడు ముక్కలు చేసి, ఏటా ఒక ముక్కకు గడ్డి పూసి గింజ రాలేదాకా విశ్రాంతి ఇవ్వండి. మిగతా రెండింట్లో ఎన్ని పశువులు, ఏ నెలల్లో అన్నది కాపరులతో కూర్చుని తేల్చుకోవాలి. హద్దులు కాగితం మీద గీస్తే ఎవరికీ అక్కరకు రావు, వాళ్లతో పాటు నడిచి, వాళ్లు పేరు పెట్టి పిలిచే బండలు, చెట్లు, వాగుల్ని గుర్తులుగా పెట్టుకోవాలి. తీతువులు గుడ్లు పెట్టే చోట్లు, నక్క బొరియలు కాపరులకు తెలిసినంతగా ఏ సర్వేకూ తెలియవు, వాళ్లు చెప్పింది వాళ్ల పేరుతోనే నమోదు చేయండి, వద్దంటే తప్ప.

ఎవరి పని అని అడిగారు. సూపర్‌వైజరుదే. ఫీల్డ్ పనివాళ్లు ఇద్దరినీ మందలున్న ఇళ్ల నుంచే తీసుకోగలిగితే సగం మాటలు అక్కడే కుదురుతాయి. దీనికోసం బయటి నుంచి ఒక "ప్రజా సంబంధాల" మనిషిని తేవద్దు. మాట ఇచ్చేది ఒకరు, మందను ఆపేది ఇంకొకరు అయితే రెండో నెలకే తగువు.

కొత్తదారి:

చివరి ప్రశ్న. అన్నీ సూపర్‌వైజరు చేతిలోనే ఉంటే, ఆ మనిషి మానేస్తే ఎలా?

తూనీగ_22:

ముక్కకొక పేజీ. 30 ఎకరాలను ఎకరం రెండెకరాల ముక్కలు చేసి నెంబర్లు పెట్టండి. ఒక్కో పేజీ మీద చేతితో గీసిన మ్యాపు, లాంటానా తీసిన తేదీ, ఇప్పటిదాకా వేసిన చుట్ల తేదీలు, ఒక్కో చుట్టుకు పట్టిన పని దినాలు, తర్వాతి చుట్టు తేదీ, మొలకలు ఎక్కువగా లేచే చెట్లు, గుడ్లు దొరికిన చోట్లు, కాపరులతో కుదిరిన మాట. పూట ముగిశాక పది నిమిషాల్లో, అక్కడే, పెన్సిలుతో నింపాలి. పెన్ను తడికి పోతుంది. నెలకోసారి లెక్కల మనిషి ఆ పేజీలన్నీ ఫొటో తీసి దాచాలి. మూడు నెలలకోసారి ఫీల్డ్ పనివాళ్లలో ఒకరు, సూపర్‌వైజరు లేకుండా, ఆ పేజీ పట్టుకుని ఆ ముక్కలో చుట్టు నడిపించాలి. ఎక్కడ తడబడ్డారో ఆ పేజీలో అదే లోపం, ఆ సాయంత్రమే రాసేయండి.

రావికొమ్మ:

దానికి తోడు కుంట గేటు తాళాలు, పనిముట్ల గది తాళాలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోని మందుల గడువు తేదీలు. ఇవి ఎప్పుడూ ఒక్కరి జేబులోనే ఉంటాయి. తాళంచెవులు రెండో జత చేయించి, తేదీల జాబితాతో సహా కో-ఆర్డినేటర్ దగ్గర పెట్టండి.